ఫిర్యాదులు లేని ఊళ్లో పోలీసు కమిషన్: నా అనుభవం

ముందే చెప్పేస్తాను: ఊరి పోలీసుల తీరును గమనించడానికి నగరం పెట్టిన, నేను సభ్యురాలినైన మా పౌర కమిషన్‌కు ఏ పోలీసునూ ఉద్యోగంలోంచి తీసే అధికారం లేదు. సస్పెండు చేయలేం, జీతం ఆపలేం, ఆరోపణ వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించలేం కూడా. ఈ సంగతి తెలిసిన బంధువులు "మరి నెలనెలా అక్కడికి వెళ్లి ఏం చేస్తున్నట్టు?" అని నవ్వుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క మాటలో జవాబు చెప్పలేకే ఇంత రాస్తున్నాను.

మాది ఉత్తర కాలిఫోర్నియాలో, శాక్రమెంటో చుట్టుపక్కల ఉన్న చిన్న నగరాల్లో ఒకటి. పేరు రాయను. రాస్తే ఇందులో వచ్చే మనుషులెవరో ఊళ్లో అందరూ పోల్చుకుంటారు.

ఇక్కడి పోలీసు వ్యవస్థ మనకు తెలిసినట్టు రాష్ట్రానికొక డీజీపీ, జిల్లాకొక ఎస్పీ అన్న వరసలో ఉండదు. దేశం మొత్తం మీద సుమారు 18,000 పోలీసు సంస్థలున్నాయి. వాటిలో చాలావరకు మా ఊరి శాఖలాంటి చిన్నవే. మా చీఫ్‌ను నియమించేది సిటీ మేనేజర్, అంటే నగర పాలన నడిపే అధికారి. ఆ మేనేజర్‌ను నియమించేది మేము ఓటేసి గెలిపించిన సిటీ కౌన్సిల్. కౌన్సిల్ సభ్యులు చీఫ్‌కు ఫోన్ చేసి ఫలానా ఆఫీసరును మార్చమనడానికి వీల్లేదు. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం లేనిదే సీఐ పోస్టింగు రాదని చెప్పుకునే చోట పెరిగిన నాకు ఈ అడ్డుగోడ మొదట్లో ముచ్చటగానే కనిపించింది. కానీ ఆ గోడ ఇంకో పని కూడా చేస్తుంది. పోలీసులతో ఇబ్బంది పడ్డ మనిషి తాను ఓటేసిన వాళ్ల దగ్గరకు వెళ్తే, "అది సిబ్బంది వ్యవహారం, మేము కల్పించుకోకూడదు" అంటారు. పౌర పర్యవేక్షణ సంస్థలు పుట్టింది ఆ ఖాళీలోంచే.

ఇవి కొత్తవేమీ కావు. బర్క్‌లీ నగరం 1973లోనే పోలీసు రివ్యూ కమిషన్ పెట్టుకుంది. శాన్ హోసేలో 1993 నుంచి స్వతంత్ర పోలీసు ఆడిటర్ ఉన్నారు. మాకు దగ్గరలోని డేవిస్‌లో 2017 ఏప్రిల్‌లో, విశ్వవిద్యాలయం పిక్నిక్ డే నాడు, మఫ్టీలో గుర్తుల్లేని వాహనంలో వచ్చిన పోలీసులకూ రోడ్డు మీది గుంపుకూ ఘర్షణ జరిగింది. పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనకూ, తర్వాత బయటికొచ్చిన వీడియోలకూ పొంతన కుదరలేదు. మరుసటి ఏడాది అక్కడ పోలీసు అకౌంటబిలిటీ కమిషన్ ఏర్పడింది. మా ఊరి కమిషన్ మాత్రం 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దేశమంతా వచ్చిన కదలికలో పుట్టింది. ఏదో ఒకటి చేశామనిపించుకోవాలని అప్పట్లో చాలా ఊళ్లు వీటిని హడావిడిగా పెట్టాయి. మాదీ ఆ తొందరలో కుట్టిన చొక్కానే: చేతులు పొట్టి, జేబులు లేవు.

పెద్ద నగరాల్లో కమిషనే సొంత విచారణాధికారుల్ని పెట్టుకుంటుంది. మాకు అంత డబ్బు లేదు. పోలీసు శాఖ మీద వచ్చిన ఫిర్యాదును పోలీసు శాఖే విచారిస్తుంది. బయటి నుంచి గంటల లెక్కన తెచ్చుకున్న ఒక ఆడిటర్ ఆ ఫైలునూ, బాడీ కెమెరా వీడియోనూ చూసి, విచారణ సక్రమంగా జరిగిందా లేదా అన్న అభిప్రాయం రాస్తారు. ఆ సారాంశం మా చేతికి వస్తుంది. మేము చదివి, ప్రశ్నలడిగి, విధానాల మీద సిఫారసులు చేస్తాం.

దరఖాస్తు పెద్ద కష్టం కాదు. ఊళ్లో నివాసం, నేర చరిత్ర లేకపోవడం, ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒక పేజీ. ఇంటర్వ్యూ మాత్రం కౌన్సిల్ సభలో, కెమెరాల ఎదుట. "పోలీసులతో మీకు చెడు అనుభవం ఏదైనా ఉందా?" అని ఒక సభ్యురాలు అడిగారు. ఉందంటే పక్షపాతి, లేదంటే లోకం తెలియని మనిషి. "మా తెలుగువాళ్లు అనుభవం కలిగేంత దగ్గరగా పోలీసుల జోలికే వెళ్లరండీ, అలా ఎందుకో తెలుసుకోవాలనే వచ్చాను" అన్నాను. అప్పటికి అది గట్టెక్కడానికి చెప్పిన మాటే. చివరికి నేను చేసిన పనంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఎంపికయ్యాక వేలిముద్రలు, ఆస్తుల వివరాలతో ఫారం 700, ఆ తర్వాత శిక్షణ. శిక్షణలో సగం పోలీసుల గురించి కాదు, మా గురించే. కాలిఫోర్నియాలో 1953 నుంచి బ్రౌన్ చట్టం ఉంది, స్థానిక సంస్థల సభలు బహిరంగంగా జరగాలనేదే దాని సారం. సభ ఎజెండా 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి. సభ్యుల్లో సగానికి మించిన వాళ్లు సభ బయట కమిషన్ విషయాలు మాట్లాడుకోకూడదు, ఒకరి తర్వాత ఒకరికి ఈమెయిల్ పంపుకున్నా చట్టం మీరినట్టే. మేము ఏడుగురం. ఇండియన్ స్టోరులో ముగ్గురం కలిస్తే ఫరవాలేదు, నాలుగో ఆవిడ కరివేపాకు కోసం వచ్చిందంటే వాతావరణం గురించి మాట్లాడుకోవాలి.

మిగతా సగం పోలీసుల హక్కుల చట్టం. విచారణలో ఆఫీసరును ఎప్పుడు ప్రశ్నించాలి, ఎంతమంది ప్రశ్నించాలి, పక్కన ఎవరుండాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆరోపణ తెలిసిన ఏడాదిలోగా విచారణ ముగించి నోటీసు ఇవ్వకపోతే, కొన్ని మినహాయింపులు తప్ప, శిక్షించే అవకాశమే పోతుంది. క్రమశిక్షణ రికార్డులు చాలా ఏళ్లు పూర్తి రహస్యం. 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం వల్ల కాల్పులు, తీవ్ర గాయాలు, లైంగిక దాడి, అబద్ధపు నివేదికల వంటి కేసుల్లో మాత్రం తలుపు తెరుచుకుంది. 2021లో మరో చట్టంతో ఇంకొంచెం. మామూలు ఫిర్యాదుల్లో మాకు ఇప్పటికీ ఆఫీసరు పేరు కనిపించదు. "ఆఫీసరు 1", "ఆఫీసరు 2" అని ఉంటుంది. మూడు ఫైళ్లలో కనిపించిన "ఆఫీసరు 1" ఒక్కరేనా, ముగ్గురా అని అడిగితే సిటీ అటార్నీ మర్యాదగా చిరునవ్వు నవ్వుతారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఆ చిరునవ్వే.

రైడ్-అలాంగ్ గురించి కొంచెం చెప్పాలి. కొత్త సభ్యులంతా ఒక షిఫ్టు ప్యాట్రోల్ కారులో కూర్చోవాలి. నాకు శనివారం రాత్రి పడింది. సినిమాల్లోలాంటివేమీ జరగలేదు. కుక్క అరుస్తోందని ఒక ఫోను. పార్కింగు స్థలంలో కారులో పడుకున్న తల్లీబిడ్డలు. మందులు మానేసి, గోడకు చెవి ఆనించి ఎవరితోనో మాట్లాడుతున్న ఒక కుర్రవాడు. అతన్ని ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లడానికే ఆ రాత్రిలో ఎక్కువ భాగం పోయింది. ఆ ఆఫీసరు ఓపిక చూశాక, ఇతనికి నేర్పిన పనికీ చేస్తున్న పనికీ సంబంధం తక్కువనిపించింది. ఇంత ఓపిక నాకు లేదని కూడా అనిపించింది.

ఆ రాత్రే ఇంకొకటి చూశాను. ఎవరినైనా ఆపిన ప్రతిసారీ ఆయన కారులోని కంప్యూటరులో ఒక ఫారం నింపుతున్నారు. 2015లో వచ్చిన ప్రొఫైలింగ్ (జాతి, రూపం చూసి అనుమానించడం) వ్యతిరేక చట్టం ప్రకారం రాష్ట్రంలోని పోలీసులు తాము ఆపిన ప్రతి మనిషి వివరాలూ నమోదు చేయాలి. చిన్న శాఖలకు ఇది 2022 జనవరిలో మొదలైంది. జాతి ఏమిటని ఆ మనిషిని అడగకూడదు, ఆఫీసరు కంటికి ఎలా కనిపిస్తే అలా రాయాలి. మన కోసం విడిగా గడి లేదు. "మధ్యప్రాచ్యం లేదా దక్షిణాసియా" అని ఒకే గడి. అందులో తెనాలి తాతగారు, లాహోరు డ్రైవరు, లెబనాన్ దుకాణదారు అందరూ ఒకటే. గడ్డం లేని నల్లటి తెలుగు కుర్రవాడైతే ఆ గడిలోకి వస్తాడన్న నమ్మకం కూడా లేదు.

ఉద్యోగరీత్యా నేను డేటాబేసుల మనిషిని. అందుకే మొదటి వార్షిక నివేదిక చేతికొచ్చినప్పుడు పట్టికలన్నీ తిరగేశాను. మా ఊళ్లో దక్షిణాసియా కుటుంబాలు వీధికి నాలుగైదైనా ఉంటాయి. వాళ్లు ఇచ్చిన ఫిర్యాదులు: సున్నా. చీఫ్ ఆ సంగతి సంతోషంగా ప్రస్తావించారు. ఆయన మంచివాడే, ఆ సంతోషంలో నటన లేదు. "మీ సమాజంతో మాకెప్పుడూ ఏ సమస్యా లేదు" అని నా వైపు చూసి అన్నారు. సభలో ఉన్న తెలుగువాళ్లు తలలూపారు కూడా.

మా వెనక వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. కూతురి పురిటికి భార్యతో వచ్చారు. నవంబరులో ఇక్కడ ఐదు దాటితే చీకటి. ఆయన స్వెట్టరు మీద శాలువా కప్పుకొని, మంకీ క్యాపు పెట్టుకొని నడకకు బయల్దేరేవారు. నచ్చిన ఇంటి ముందు ఆగి చెట్లు చూడటం ఆయన అలవాటు. ఒక రోజు అలా చూస్తుంటే, ముఖం కప్పుకొన్న ఎవరో ఇళ్లు పరిశీలిస్తున్నారని ఒకావిడ పోలీసులకు ఫోన్ చేసింది. కారు వచ్చింది. ఆఫీసరు చెప్పింది ఆయనకు అర్థం కాలేదు. కూతురికి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టారు. ఇక్కడ ఉండేవాళ్లెవరైనా ఒళ్లు జలదరించే క్షణం అది. కేకలు, బేడీలు, కూతురు వచ్చేదాకా కాలిబాట అంచున చల్లటి సిమెంటు మీద కూర్చోబెట్టడం. తర్వాత ఆఫీసరు సారీ చెప్పి వెళ్లిపోయాడు.

నేను వాళ్లింటికి వెళ్లాను. "ఎందుకులేమ్మా," అన్నారాయన. "అల్లుడికి ఇంకా గ్రీన్ కార్డు రాలేదు. నేనేదో రాస్తే అది వాళ్ల మెడకు చుట్టుకుంటే? మళ్లీ వీసాకి వెళ్లినప్పుడు నన్నే అడిగితే?" కూతురు పక్కనుంచి, "వదిలేయండి అక్కా, ఆయన సారీ కూడా చెప్పాడు కదా" అంది. ఫిర్యాదుకు వీసాతో సంబంధం లేదనీ, ఇమ్మిగ్రేషన్ స్థితి అడగకుండా 2017 నాటి రాష్ట్ర చట్టం స్థానిక పోలీసుల్ని కట్టడి చేసిందనీ చెప్పాను. తల ఊపి కాఫీ ఇచ్చారు. ఆయన ఫిర్యాదు చేయలేదు. ప్రసవమయ్యాక మూడో నెలలో ఇండియా వెళ్లిపోయారు. అంతవరకూ చీకటి పడ్డాక గడప దాటలేదట.

ఈ కథ ఇంతకంటే ఘోరంగా ముగియవచ్చని అందరికీ తెలుసు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్ అనే చిన్న నగరంలో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ ఇలాగే నడుస్తుంటే ఎవరో ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. పోలీసు ఆఫీసరు ఆయన్ను నేలకేసి కొట్టాడు. వెన్నెముక దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ఆ ఆఫీసరు మీద ఫెడరల్ కేసు నడిచింది. రెండుసార్లు జూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. 2016 జనవరిలో జడ్జి అతన్ని నిర్దోషిగా వదిలేశారు. సివిల్ దావా 2021లో 17.5 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది.

పెద్దాయన ఉదంతాన్ని నేను కమిషన్ ముందు కేసుగా పెట్టలేను, ఫిర్యాదే లేదు కనుక. కానీ విధానాల మీద ప్రశ్నలు వేయడం మా హక్కు. అందుకని ఆ సున్నా వెంట పడ్డాను.

మొదట ఫిర్యాదు పత్రమే తీసి చదివాను. ఇంగ్లిష్, స్పానిష్ తప్ప వేరే భాష లేదు. స్టేషనుకు వచ్చి ఇవ్వాలి. సంతకానికి పైన పెద్ద అక్షరాలతో, తెలిసి తెలిసి తప్పుడు ఫిర్యాదు ఇస్తే మీపై క్రిమినల్ కేసు పెట్టవచ్చు అన్న హెచ్చరిక. దాని వెనక పెద్ద న్యాయ వివాదమే ఉంది. ఆ హెచ్చరికకు మూలమైన రాష్ట్ర చట్టాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2002లో సమర్థించింది, ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2005లో అది రాజ్యాంగ విరుద్ధమంది. కోర్టుల తగువు ఎలా ఉన్నా, వీసా మీద ఉన్న మనిషి ఆ వాక్యం చదివి సంతకం పెడతాడా? పోలీసుల్ని పొగుడుతూ ఉత్తరం రాసేవాడికి మాత్రం ఏ హెచ్చరికా లేదు.

చర్చ చాలా నెలలు సాగింది. భాషల విషయంలో చీఫ్ వెంటనే ఒప్పుకున్నారు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ సంస్థ అయినా ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు సేవలు అందేలా చూడాలని 1964 నాటి పౌర హక్కుల చట్టం కింద అప్పటికి బాధ్యత ఉంది కాబట్టి కాదనడానికి పెద్దగా దారి కూడా లేదు. హెచ్చరిక తీసేయడాన్ని పోలీసు యూనియన్ గట్టిగా వ్యతిరేకించింది. వాళ్ల ప్రతినిధి మాటల్లో న్యాయం లేకపోలేదు: ఒక్క తప్పుడు ఆరోపణతో ఆఫీసరు పదోన్నతి ఏడాది పాటు ఆగిపోవచ్చు. అయినా ఆ భయానికి మందు విచారణ త్వరగా ముగించడమే తప్ప, ఫిర్యాదుదారును బెదిరించడం కాదని వాదించాను. ఓటింగులో ఒక్క ఓటు తేడాతో నెగ్గాం. కౌన్సిల్ కూడా ఆమోదించింది.

రెండోది డిస్పాచర్ల సంగతి, అంటే జనం చేసే ఫోన్లు అందుకొని పోలీసు కారును పంపేవాళ్లది. అనుమానాస్పద వ్యక్తి అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఎలా ఉన్నాడు అన్నదానికంటే ముందు ఏం చేస్తున్నాడు అని అడగాలన్నది మా సిఫారసు. ఫోన్ చేసినవాళ్ల పక్షపాతం పోలీసు కారెక్కి ఎదుటివాడి ముందుకు వచ్చే ప్రమాదం గురించి ఆ ప్రొఫైలింగ్ వ్యతిరేక చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర బోర్డు తన నివేదికల్లో హెచ్చరిస్తూనే ఉంది. చెట్టు చూస్తూ నిలబడ్డాడు అన్న సమాధానం వస్తే, ఆ కారు వచ్చే తీరే మారుతుంది. ఇది నియమంగా రాలేదు, శిక్షణలో ఒక అంశంగా మాత్రం చేరింది. ఆఫీసర్ల ఫోన్లలో దుబాసీ సేవ నంబరు, అందులో తెలుగు ఉందన్న సమాచారం కూడా చేరాయి. ఆ సేవ అంతకుముందూ ఉంది. వీధిలో తిరిగేవాళ్లకు తెలియదు, అంతే.

ఈ పనులు సాగుతుండగానే పోలీసు శాఖ సమాజ సంబంధాల కార్యక్రమాలు కూడా జోరుగా నడిచాయి. పోలీసుతో కాఫీ అనే పద్ధతి 2011లో మా రాష్ట్రంలోని హాథోర్న్‌లోనే పుట్టింది. ఆగస్టు మొదటి మంగళవారం పోలీసులూ ఇరుగుపొరుగూ కలిసే నేషనల్ నైట్ అవుట్, పిల్లలకు ఐస్‌క్రీము, ప్యాట్రోల్ కారు సైరన్ మోగించే అవకాశం. మన దసరా వేడుకకు చీఫ్ వచ్చి తిలకం పెట్టించుకున్నారు, అందరూ ఫోటోలు దిగారు. వద్దనను, ముఖపరిచయం మంచిదే. కానీ ఆ ఫోటోలో ఉన్న అల్లుళ్లు, కోడళ్లు ఇంగ్లిష్ వచ్చినవాళ్లు. బేడీలు పడేది వాళ్ల వెనక వరసలో కూర్చున్న పెద్దవాళ్లకు.

ఉగాది సమావేశంలో కమిషన్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ప్రశ్నలన్నీ జాహ్నవి కందుల గురించే. ఆదోని అమ్మాయి, 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు ఢీకొట్టింది. గంటకు 25 మైళ్ల రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల దాకా వేగం అందుకుంది. మరో ఆఫీసరు నవ్వుతూ ఆమె ప్రాణానికి వెల కట్టిన మాటలు అతని బాడీ కెమెరాలోనే రికార్డయ్యాయి. "మీలాంటి కమిషన్లు ఉండి ఏం లాభం?" అని ఒకాయన నిలదీశారు. నాకు తెలిసింది చెప్పాను. ఆ మాటలు మొదట విని పై వాళ్లకు చెప్పింది పోలీసు శాఖలోనే పనిచేసే ఒక ఉద్యోగి. సియాటిల్‌లో విచారణకు పోలీసు అకౌంటబిలిటీ ఆఫీసు అని ఒకటి ఉంది కాబట్టి ఆ రికార్డింగు చేరడానికి ఒక చోటు ఉంది. నవ్విన ఆఫీసరును 2024 జులైలో, కారు నడిపిన ఆఫీసరును 2025 జనవరిలో ఉద్యోగాల్లోంచి తీసేశారు. కారు నడిపినతనిపై పెద్ద కేసు మాత్రం పెట్టలేదు, 5,000 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. ఇది న్యాయమా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, చెప్పనూ లేదు.

మన దేశంలో ఇలాంటివి ఉన్నాయా అని ఇంకొకరు అడిగారు. పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. జిల్లా స్థాయిలో రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడు. సిఫారసులు ప్రభుత్వం పాటించి తీరాలని కూడా రాసింది. కాగితం మీద అది మా కాలిఫోర్నియా కమిషన్‌కంటే ఎన్నో రెట్లు బలమైనది. వెనక నుంచి ఎవరో "కాగితం మీద" అని సాగదీశారు, హాలంతా నవ్వింది.

పత్రం మారిన తర్వాతి ఏడాది ఫిర్యాదుల సంఖ్య పెరిగింది. సున్నా ఉన్న గడిలో అంకెలు వచ్చాయి. కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు దాన్ని చూపించి, పోలీసులకూ ప్రజలకూ మధ్య సంబంధాలు దిగజారుతున్నాయని ఆందోళన పడ్డారు. చీఫ్ ముఖం కూడా చిన్నబోయింది. ఆ అంకెలు నాకు మాత్రం తృప్తినిచ్చాయి. వాటిలో చాలావరకు చిన్నవే: దురుసు మాట, అక్కర్లేని సోదా. ఒకటి రెండింటిలో ఆఫీసరుది తప్పని తేలింది, కొన్నింటిలో కెమెరా చూస్తే ఆఫీసరు చేసింది సరైనదేనని తేలింది. ఒక ఫైలులో విచారణే సరిగా జరగలేదని, ప్రత్యక్ష సాక్షిని అసలు పిలవనే లేదని ఆడిటర్ రాశారు. ఆ ఫైలు మళ్లీ తెరిచారు. మా సభలో ఆ పేజీ మీద అడిగిన ప్రశ్నలకు డిప్యూటీ చీఫ్ గంటకు పైగా నిలబడి సమాధానం చెప్పారు. నెలనెలా అక్కడ ఏం చేస్తున్నట్టు అని అడిగేవాళ్లకు నేను ఆ సభ రికార్డింగు లింకు పంపిస్తుంటాను.

నా పదవీకాలం ఈ ఏడాదితో ముగుస్తుంది, మరో సభ్యుడూ ఊరు మారుతున్నారు. అంటే రెండు ఖాళీలు. ఇలాంటి ఖాళీల వివరాలు సిటీ క్లర్కు కార్యాలయంలో దొరుకుతాయి. పౌరసత్వం ఉండాలా, నివాసం ఉంటే చాలా అన్నది ఊరిని బట్టి మారుతుంది కాబట్టి అడిగి తెలుసుకోవాలి. మా ఊళ్లో నివాసం చాలు. ఇంటర్వ్యూలో చెడు అనుభవం గురించిన ఆ ప్రశ్న ఇప్పటికీ అడుగుతున్నారు.